పిల్లలతో, పెద్దవాళ్ళతో ఎక్కగలిగే మన శ్రీకాకుళం, విజయనగరం చిన్న కొండలు, గెడ్డలు (వాగులు): తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవొస్తే చాలు ఇంట్లో ఒకటే పాట, అరకు పోదాం అరకు పోదాం అని. పోతే పోవచ్చు గానీ ఘాట్ రోడ్డులో ఆదివారం ట్రాఫిక్, వెనక సీట్లో పిల్లల డోకులు, పైకెళ్ళాక పార్కింగ్ కోసం అరగంట, ఇవన్నీ అయ్యాక నడిచేది ఎంత అంటే కారు నుంచి బొంగు చికెన్ కొట్టు దాకా. అదే ఇంటికి గంట దూరంలో ఉన్న ఓ చిన్న కొండ బేగి ఎక్కి దిగితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటాం, పిల్లలు నిజంగా నడుస్తారు కూడా. ఈ మాట చెప్పినప్పుడల్లా చుట్టాలు, ఆఫీసులో వాళ్ళు, అపార్ట్‌మెంట్ వాళ్ళు అవే ప్రశ్నలు అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా.

మేం ఎప్పుడూ కొండెక్కలేదండి, ట్రెక్కింగ్ అంటేనే భయం. మొదట ఎక్కడికి వెళ్తే బాగుంటది?

శాలిహుండం. ఆలోచించక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి 18 కిలోమీటర్లు, గార మండలం, వంశధార దక్షిణపు ఒడ్డున చిన్న కొండ, పైన పాత బౌద్ధారామం ఇటుక పునాదులు. దారి బాగుంటది, ఎక్కడా చేతులు పట్టుకుని పాకాల్సిన పని లేదు, ఆరేళ్ళ పిల్ల తనంతట తను ఎక్కేస్తది. పైకెళ్ళాక ఒక పక్క వంశధార, ఇసుక మేటలు, దూరంగా కొబ్బరి చెట్లు, ఆ అవతల సముద్రం గీత. ట్రెక్కింగ్ అనే పెద్ద మాట వాడకండి ఇంట్లో, కొండ మీదకి నడుద్దాం అనండి, పెద్దవాళ్ళు కూడా వస్తారు.

అక్కడ ఇటుకలు తప్ప ఏముంది, పిల్లలకి బోర్ కొట్టదా?

ఇది అందరూ అడిగేదే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మన గిడుగు రామమూర్తి గారే 1919లో ఈ కొండ మీది బౌద్ధ అవశేషాల్ని గుర్తించారు, ఆ తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, చైత్యగృహాలు, విహారాల పునాదులు బయటపడ్డాయి, తార, మారీచి లాంటి బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా దొరికాయి. ఇదంతా ఐదో క్లాసు పిల్లాడికి చెప్తే ఆవులిస్తాడు, నిజమే. నేనేం చేస్తానంటే చెప్పను, చూపిస్తా. ఇటుకలతో కట్టిన గుండ్రటి పునాది దగ్గర నిలబెట్టి ఈ ఇటుక మన ఇంటి ఇటుకకి ఎంత పెద్దదో జానతో కొలవమంటా. మా చిన్నది ఒకసారి వంగి కొలిచి కొలిచి, ఒక ఇటుక మీద ఏదో గీతలా కనిపిస్తే ఇది ఎవరి వేలు నాన్నా అని అడిగింది. నాకేం తెలుసు. కానీ ఆ తర్వాత అరగంట ప్రతి ఇటుకా వెతికింది, బోర్ అన్న మాటే లేదు. ఒకటే రూలు, పునాదుల మీద ఎక్కి ఫొటోలు దిగనివ్వకండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, పైగా అన్నేళ్ళ కట్టడం కదా, అంచులు ఊడిపోతాయి.

దిగాక 5 కిలోమీటర్లలో కళింగపట్నం. అందుకే దీన్ని ముందు చెప్తా, కొండా సముద్రం ఒకే పూటలో అయిపోతాయి.

మేం విజయనగరంలో ఉంటాం, మాకు దగ్గర్లో?

రామతీర్థం. నెల్లిమర్ల మీదుగా వెళ్తే టౌన్ నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. చాలామంది కింద రాములవారి గుడి చూసుకుని, ప్రసాదం తిని వచ్చేస్తారు, వెనకాల కొండలున్నాయని కూడా పట్టించుకోరు. బోడికొండ మీద, నీలాచలం అని కూడా అంటారు, కోదండరాముడి గుడి ఉంది, 2022లో కొత్తగా కట్టారు, మెట్లున్నాయి. పక్కనే గురుభక్తులకొండ, దాని మీద బౌద్ధారామం శిథిలాలు, ఇంకోటి దుర్గకొండ, అక్కడ జైనుల ఆనవాళ్ళు. అంటే ఒకే ఊరి చుట్టూ మూడు మతాలోళ్ళు మూడు కొండలు పంచుకున్నారు.

కుటుంబంతో మొదటిసారి అయితే బోడికొండ చాలు. పేరుకి తగ్గట్టే బోడిగా ఉంటది, నీడ తక్కువ, అంతా బండే, పది దాటితే పెనం. పొద్దున్నే ఎక్కి తొమ్మిదికల్లా దిగిపోవాలి. గురుభక్తులకొండ ఇంకొంచెం కష్టం, పిల్లలకి పదేళ్ళు దాటాక, ఊళ్ళో వాళ్ళని ఒకర్ని దారి అడిగి వెళ్ళండి. వర్షం పడ్డ మర్నాడు మాత్రం ఏ కొండా వద్దు, బండ మీద పాకుడు ఉంటే మెట్ల పక్కన కూడా కాలు జారిపోద్ది.

జలపాతం కావాలి. పిల్లలు నీళ్ళలో ఆడుకోవాలి. ఎక్కడ?

విజయనగరం జిల్లాలో అయితే ఎస్.కోట పక్కన పుణ్యగిరి. శృంగవరపుకోట ఊరు దాటగానే కొండ, అడవి, ఉమాకోటిలింగేశ్వరస్వామి గుడి, పైనుంచి దిగే ధార. మెట్లదారి చాలా వరకు చెట్ల నీడలోనే పోతది, అందుకే ఎండాకాలం కూడా పర్లేదనిపిస్తది, కానీ ఎండాకాలం ధార సన్నబడిపోతది, వేళ్ళ మందాన కారుతుంటది. బాగా ఉండేది ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా. కార్తీకమాసం సోమవారాలు, శివరాత్రి రోజుల్లో మాత్రం వెళ్ళకండి, అంటే భక్తితో వెళ్తే వెళ్ళండి, ప్రకృతి చూద్దామని అయితే వద్దు, జనం తలకాయలు తప్ప ఏం కనబడవు.

శ్రీకాకుళం వైపు వాళ్ళు సీతంపేట ఏజెన్సీకి వెళ్తారు, మెట్టుగూడ జలపాతం ఫేమస్. 2022 ఏప్రిల్ నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది, అయినా మనోళ్ళు ఇంకా మన శ్రీకాకుళం జలపాతం అనే అంటారు, నేనూ అంటాను. రోడ్డుకి పెద్ద దూరం లేదు, నడక తక్కువ. అదే ట్రిప్పులో ఆడలి వ్యూ పాయింట్ కూడా చూడొచ్చు, వర్షాలయ్యాక అక్టోబర్, నవంబర్‌లో పొద్దున్నే వెళ్తే కింద లోయ అంతా మంచు. దాని కోసం శ్రీకాకుళం నుంచి తెల్లారగట్ట నాలుగింటికి బయల్దేరే కుర్రాళ్ళున్నారు, పిల్లలున్న వాళ్ళకి అంత అవసరం లేదు.

గెడ్డలో దిగి స్నానం చేయొచ్చా? అందరూ చేస్తున్నారుగా?

ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తా. మన గెడ్డలన్నీ కొండగెడ్డలు. మీరు నిలబడ్డ చోట ఎండగా ఉంటది, పైన కొండ మీద, ఒక్కోసారి అవతల ఒడిశా వైపు కూడా, వాన కొట్టేస్తది, ఆ నీరు ఇక్కడికి దిగడానికి ఎంతోసేపు పట్టదు. చీలమండ లోతు నీరు నడుం లోతు అయిపోద్ది. గుర్తులు ఏంటంటే, తేటగా ఉన్న నీరు ఒక్కసారి ఎర్రగా మారడం, ఆకులు పుల్లలు ఎక్కువగా కొట్టుకురావడం, చప్పుడు మారడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా సబ్బు సగంలో ఉన్నా సరే బయటికి వచ్చేయాలి, బట్టలు, చెప్పులు, ఫోను తర్వాత చూసుకోవచ్చు.

రెండోది జలపాతం కింద గుంట. పైకి చూస్తే మడుగు, చిన్నగా ఉంటది, ఏళ్ళ తరబడి నీరు పడి పడి లోపల ఎంత లోతు తొలిచేసిందో పైనుంచి తెలీదు, అడుగున రాళ్ళ మధ్య కాలు ఇరుక్కునే సందులుంటాయి. ఈతొచ్చిన కుర్రాళ్ళే ఎక్కువగా అక్కడ పోతారు, ఎందుకంటే దూకేది వాళ్ళే. పిల్లల్ని ధార కింద కాకుండా దిగువన నీరు పలచగా పారే చోట, మోకాలి లోతు కంటే తక్కువలో ఆడించండి, ఒక పెద్ద మనిషి నీళ్ళలోనే నిలబడాలి, గట్టు మీద కూర్చుని రీల్ తీసుకుంటా చూస్తున్నాలే అంటే కుదరదు.

మూడోది గాజుపెంకులు. మందు తాగి సీసాలు బండకేసి కొట్టి పోయే ఘనులు ప్రతి గెడ్డ దగ్గరా ఉంటారు. నీళ్ళలోకి కూడా జోళ్ళు వేసుకునే దిగాలి.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా. కొండలు పచ్చగా ఉంటాయి, చెమట తక్కువ, తుప్పలు కాస్త అణుగుతాయి. అక్టోబర్ అందంగా ఉంటది గానీ మన తీరానికి తుఫాన్లు వచ్చేది అప్పుడే, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11, ఈ తారీఖులు మనకి ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. అల్పపీడనం అన్న మాట వార్తల్లో వినబడితే ప్లాన్ వాయిదా వేసేయండి. మార్చి, ఏప్రిల్‌లో తెల్లారి వెళ్ళి ఎనిమిదికి దిగిపోయేలా అయితే సరే. మే నెలలో పిల్లలతో కొండ వద్దు, తాటిముంజలు తిని ఇంట్లో పడుకోండి.

ఎన్ని గంటలకి బయల్దేరాలి?

బేగి. ఇంటి దగ్గర ఐదున్నర, కొండ కింద ఆరున్నర, ఏడు. మన ఇళ్ళల్లో అందరూ స్నానాలు చేసి టిఫిన్లు చేసి బయల్దేరేసరికి తొమ్మిదవుతది, అక్కడికెళ్ళేసరికి పదిన్నర, ఎండ నడినెత్తిన, పిల్లలు పేచీ, అత్తగారు నీడ కోసం చూస్తుంటారు, ఇంక ఎవరికీ మళ్ళీ కొండ మాట ఎత్తే ధైర్యం ఉండదు. స్నానం వచ్చాక చేద్దాం, టిఫిన్ కొండ మీద తిందాం, అంతే.

సాయంత్రం వెళ్దామనుకునేవాళ్ళకి ఇంకో సంగతి. మనం తూర్పున ఉన్నాం, హైదరాబాద్ కంటే ఓ ఇరవై నిమిషాలు ముందే పొద్దుగూకిపోద్ది. హైదరాబాద్ నుంచి సంక్రాంతికి వచ్చిన చుట్టాలు ఆరింటి దాకా వెలుగు ఉంటదిలే అనుకుంటారు. డిసెంబర్‌లో మనకి ఐదుంపావు దాటితే సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళిపోతాడు, చెట్ల కింద ఇంకా ముందే చీకటి. నాలుగున్నరకి దిగడం మొదలెట్టాలి.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళండి, కానీ ఎక్కడం గురించి కాదు దిగడం గురించి ఆలోచించండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తది, కూర్చుంటే పోద్ది. దిగేటప్పుడు ఒళ్ళు బరువంతా మోకాలి మీదే పడుద్ది, నొప్పి అప్పుడే తెలుస్తది, అప్పటికి వెనక్కి పోయే దారి ఉండదు. అందుకే మెట్లున్న కొండ అయితే ముందు ఒక పాతిక మెట్లు ఎక్కించి, మళ్ళీ దింపి చూడండి, దిగినప్పుడు ముఖం చిట్లిస్తే అక్కడితో ఆపేయాలి. చేతికర్ర ఇస్తే చాలామంది ఆడవాళ్ళు సిగ్గుపడతారు, నేనేమన్నా ముసలిదాన్నా అని. పిల్లల చేతికి కూడా తలో కర్ర ఇచ్చేయండి, అప్పుడు అమ్మా పట్టుకుంటది.

ఎక్కలేని వాళ్ళకి శాలిహుండం కింద ఉండేదానికన్నా రామతీర్థం గుడి ఆవరణ బాగుంటది, కూర్చోడానికి చోటు, పలకరించడానికి మనుషులు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి, మాత్ర వేసుకునే రావాలి, మాత్రలు కార్లో వదలకూడదు.

చంటిబిడ్డతో?

ఏడాది లోపు పిల్లలతో కొండలు వద్దు, తాటిపూడి రిజర్వాయర్ గట్టు లాంటిది చాలు. ఏడాది నుంచి మూడేళ్ళ మధ్య పిల్లలే అసలు కష్టం, నడుస్తానంటారు, నడవరు, ఎత్తుకోమంటారు. చంకనెత్తుకుని మెట్లు దిగితే మీ కాలు మీకు కనబడదు, పడితే ఇద్దరూ పడతారు. వీపుకి కట్టుకునే క్యారియర్ ఉంటే వాడండి, లేదంటే పాత చీరతో వెనక్కి కట్టుకోవడం మన మామ్మలకి తెలిసిన విద్యే, సీతంపేటలో సవర గిరిజన ఆడవాళ్ళు బిడ్డని అలా కట్టుకుని మన కంటే వేగంగా కొండ దిగిపోతారు.

తాటిపూడిలో నడవడానికి ఏముంది? బోటింగ్ కదా?

బోటు ఉంటే ఎక్కండి, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి. నాకైతే బోటు కంటే గట్టు ఇష్టం. గోస్తని మీద కట్టిన డ్యామ్ ఇది, గంట్యాడ మండలం, అసలు పేరు గొర్రిపాటి బుచ్చి అప్పారావు జలాశయం, విశాఖపట్నం తాగే నీళ్ళలో కొంత ఇక్కణ్ణుంచే పోతది. చుట్టూ కొండలు, నీళ్ళ మీద పొద్దున్న పొగలా మంచు. ఎత్తు పల్లాలు లేవు కాబట్టి తాతయ్య, మనవడు ఒకే వేగంతో నడుస్తారు. నీళ్ళలోకి దిగొద్దు, ఈత అసలే వద్దు, గట్టు నుంచి ఒక్కసారిగా లోతు.

కొండలొద్దు, ఊరికే నడిచి పక్షులు చూద్దామంటే?

టెక్కలి దగ్గర తేలినీలాపురం. సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి, అడవిలో కాదు, ఇళ్ళ పక్క చింతచెట్ల మీద. వాచ్‌టవర్ ఉంది. ఊళ్ళో వాళ్ళు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు, రాళ్ళేస్తే ఊరుకోరు. అవి సైబీరియా నుంచి వస్తాయని మనందరం చిన్నప్పటి నుంచి విన్నాం, చెప్పుకున్నాం కూడా. కానీ ఇక్కడ గూడు కట్టే గూడబాతు, అదే స్పాట్ బిల్డ్ పెలికాన్, మన దక్షిణాసియా పక్షే, ఎర్రకాళ్ళ కొంగా అంతే, మంచుదేశాల్లో గుడ్లు పెట్టే జాతులు కావివి. పిల్లలు ప్రాజెక్టులో రాస్తారు కాబట్టి చెప్తున్నా. నౌపడ వైపు ఉప్పునీటి మడుగుల్లో చేపలు తిని వచ్చిన తల్లి గూడబాతు సంచి లాంటి గొంతులోకి పిల్ల తల దూర్చి తినడం చూస్తే మీ పిల్లలు జన్మలో మర్చిపోరు. బైనాక్యులర్స్ ఎవరి దగ్గరన్నా ఉంటే అప్పు తెచ్చుకోండి.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కూడా ఇలాంటిదే, అక్కడ నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు, అవి వానల మొదట్లో వస్తాయి, అంటే తేలినీలాపురం ఖాళీగా ఉన్నప్పుడు తేలుకుంచి నిండుగా ఉంటది. మామూలుగా మాట్లాడండి, టపాసులు, డ్రోన్లు వద్దు. ఆకాశంలోంచి డ్రోన్ దిగితే గూడు మీది తల్లి లేచిపోద్ది, ఆ రెండు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోద్ది.

పాములు, ఎలుగుబంట్లు ఉంటాయంటగా?

ఉంటాయి. ఉద్దానం, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, మనుషుల మీద పడ్డ ఘటనలు జరిగాయి, అందుకే అటు కొండలు, తోటల్లోకి తెల్లవారుజామున, సాయంత్రం చీకట్లో వెళ్ళొద్దు. పార్వతీపురం మన్యంలో ఒడిశా నుంచి దిగిన ఏనుగులు కొన్నేళ్ళుగా తిరుగుతున్నాయి, సీతంపేట వైపు వెళ్ళే ముందు దారిలో టీకొట్టు దగ్గర ఏనుగులు ఎటున్నాయి బాబూ అని అడగండి, వాళ్ళకి రోజూ వార్త ఉంటది. ఇవన్నీ అడివి వైపు. శాలిహుండం, రామతీర్థం మెట్లదారిలో భయపడాల్సింది కోతులకే.

పాము గురించి అయితే దారి వదిలి తుప్పల్లోకి వెళ్ళకుండా, కనబడని రాతి సందులో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలా వరకు సరిపోద్ది. ఎవర్నన్నా కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా పెట్టి, 108కి ఫోన్ చేసి నేరుగా ప్రభుత్వాసుపత్రికి. మంత్రగాడి దగ్గర గడిపే గంటే ప్రాణం తీసేది.

తుప్పల్లో పురుగులు, దురదలు?

పొడుగు ప్యాంటు, సాక్సు. షార్ట్స్ ఫొటోల్లో బాగుంటాయి అంతే. పొదల్లో కంటికి కనబడనంత చిన్న పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తది, ట్రిప్పు అయ్యాక వారం పది రోజులకి జ్వరం వచ్చి, ఒంటి మీద ఎక్కడన్నా సిగరెట్ కాల్చినట్టు నల్లటి మచ్చ కనబడితే డాక్టర్‌కి కొండకెళ్ళామని తప్పకుండా చెప్పండి. టైముకి చెప్తే మామూలు మందులతోనే తగ్గిపోద్ది, చెప్పకపోతే ఉత్త వైరల్ అనుకుని రోజులు పోతాయి.

దూలగొండి కాయల మీద బంగారు రంగు నూగు ముద్దొస్తది, పిల్లలు ముట్టుకుంటే ఇంక ఆ రోజంతా ఏడుపే. ఏప్రిల్ టైములో జీడిమామిడి పళ్ళు ఎర్రగా పసుపుగా వేలాడుతుంటాయి, పండు తినొచ్చు, తోట వాళ్ళని అడిగి. కింద వేలాడే పచ్చి గింజని మాత్రం పళ్ళతో కొరకనివ్వకండి, తొక్కలో జీడిరసం మూతి, చేతులు కాల్చి బొబ్బలెక్కించేస్తది, పలాస వైపు పిల్లలకి తెలుసు గానీ టౌన్ పిల్లలకి తెలీదు.

తినడానికి ఏం పట్టుకెళ్ళాలి?

పులిహోర. చింతపండు పులుసుది, నిమ్మకాయది కాదు, అది మధ్యాహ్నానికి కూడా ఉంటది. కొబ్బరి చట్నీ వద్దు, ఎండకి పులిసిపోద్ది. చలికాలం అయితే దారిలో తేగలు, ఉడకబెట్టిన వేరుశెనగకాయలు దొరుకుతాయి, దిగాక తినడానికి అంత కన్నా ఏం కావాలి. నీళ్ళు మనిషికి లీటరున్నర, పిల్లలకి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపిన సీసా విడిగా.

రామతీర్థం, పుణ్యగిరిలో కోతులు. వాటికి తిండి వాసన కన్నా కవర్ చప్పుడు ముందు తెలుస్తది. పాలిథీన్ కవర్ చేత్తో ఊపుకుంటా వెళ్ళారంటే అది మీది కాదు, వాళ్ళది. స్టీలు బాక్సు, జిప్ ఉన్న బ్యాగు. పిల్ల చేతిలో చిప్స్ ప్యాకెట్ అసలు వద్దు. లాక్కుంటే ఇచ్చేయండి, పోట్లాడకండి, గోరు గీరుకున్నా రేబిస్ ఇంజక్షన్ వేయించుకోవాల్సిందే. వాటికి మీరు పెట్టకండి, ఇప్పుడు ఇలా మీద పడ్డానికి కారణం మనం అలవాటు చేసిన అరటిపళ్ళే.

ఏ జోళ్ళు? షూస్ కొనాలా?

కొనక్కర్లేదు, పిల్లల స్కూల్ పీటీ షూస్ చాలు, అడుగు అరిగిపోకుండా ఉంటే. హవాయి చెప్పులతో మెట్లు ఎక్కొచ్చు గానీ దిగేటప్పుడు వేలు జారి ముందుకి పోతది. కొత్త షూ కొండ రోజే మొదటిసారి వేయకండి.

బాత్రూములు?

ఆడవాళ్ళు అడగడానికి మొహమాటపడి, చివరికి నీళ్ళు తాగడం మానేసి తలనొప్పితో ఇంటికొచ్చే ప్రశ్న ఇది. కొండల మీద నమ్ముకోకండి. బయల్దేరేముందు ఇంట్లో, ఆ తర్వాత హైవే మీద పెద్ద పెట్రోల్ బంకులో, లేదా ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, అంటే బస్టాండులో. దారిలో ఎక్కడ ఆగాలో డ్రైవ్ చేసేవాళ్ళు ముందే అనుకుని పెట్టుకోవాలి, అడిగాక వెతకడం కాదు. గుడి ఉన్న చోట్ల ఏదో ఒకటి ఉంటది, శుభ్రం గురించి నన్నడగకండి.

కారు లేదు. బస్సుల్లో కుదురుతుందా?

కుదురుతుంది. రామతీర్థానికి విజయనగరం కాంప్లెక్స్ నుంచి బస్సులున్నాయి, ఎస్.కోటకి ఎప్పుడూ ఉంటాయి, అక్కణ్ణుంచి పుణ్యగిరికి ఆటో. శాలిహుండానికి శ్రీకాకుళం నుంచి కళింగపట్నం బస్సెక్కి దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. వెళ్ళేటప్పుడే ఆటో అతనితో రానూపోనూ మాట్లాడి ఫోన్ నెంబర్ తీసుకోండి, తిరిగి వచ్చేటప్పుడు అక్కడ ఆటో దొరకదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ లేదు, గుర్తింపు కార్డు పట్టుకోండి. మా వీధిలో నలుగురు ఆడవాళ్ళు మగాళ్ళ కోసం ఎదురుచూడకుండా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతున్నారు ఇప్పుడు.

మహేంద్రగిరి ఎక్కాలని మా అబ్బాయి పట్టుపడుతున్నాడు.

ఎక్కాల్సిందే ఒకరోజు, కానీ మొదటి కొండగా కాదు. 1501 మీటర్లు, శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో ఉంది, మందస నుంచి చూస్తే మన ఇంటి కొండలాగే కనబడుద్ది. పైన భీముడు, కుంతి, యుధిష్ఠిరుడి పేర్లతో పాత రాతి గుళ్ళున్నాయి, శివరాత్రికి జనం బాగా వెళ్తారు. పర్లాకిమిడి వైపు నుంచి బండి చాలా దూరం పోతది, కుటుంబంతో అయితే ఆ దారే. మందస వైపు అడవిలోంచి నడిచి ఎక్కడం పెద్దవాళ్ళ పని, దారి తెలిసిన మనిషి లేకుండా అసలు వద్దు. ముందు రామతీర్థంలో గురుభక్తులకొండ, ఆమదాలవలస దగ్గర సంగమయ్య కొండ లాంటివి రెండు మూడు ఏడవకుండా ఎక్కాడంటే అప్పుడు మాట్లాడదాం.

కళింగపట్నం బీచ్‌లో నడక ఎలా ఉంటది?

బాగుంటది, ముఖ్యంగా లైట్‌హౌస్ దగ్గర నుంచి వంశధార సముద్రంలో కలిసే వైపు. ఇసుకలో నడక కొండ కంటే పిక్కలు లాగేస్తది, తడి ఇసుక మీద నడవండి. కలిసే చోట నీళ్ళలో దిగొద్దు. పైకి ప్రశాంతంగా కనబడుద్ది, ఏటి నీరు లోపలికి తోస్తుంది, అల బయటికి తోస్తుంది, ఇసుక మేట కాలి కింద కరిగిపోద్ది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెడతాయి, ఇసుకలో ట్రాక్టర్ చక్రం పోయినట్టు జాడ కనబడితే అదే. జాడ వెంట వెళ్ళి తవ్వకండి.

కొండ మీద ఉండగా ఉరుములు మొదలైతే?

దిగాలి, వెంటనే. ఏప్రిల్, మే సాయంత్రాలు, జూన్ మొదట్లో మన దగ్గర పిడుగులు ఎక్కువ. చెట్టు కింద, కొండ కొన మీద, గుడి ధ్వజస్తంభం పక్కన నిలబడొద్దు. దామిని అని యాప్ ఉంది, పుణేలో వాతావరణ శాస్త్రవేత్తలు చేసింది, చుట్టుపక్కల పిడుగు పడే సూచన చూపిస్తది, బయల్దేరే ముందు వేసుకోండి. కారు దగ్గరికి చేరితే అద్దాలు ఎత్తుకుని లోపల కూర్చోవడం మేలు.

సిగ్నల్ ఉంటదా, డబ్బులు ఫోన్‌పే చేయొచ్చా?

శాలిహుండం, రామతీర్థంలో ఇబ్బంది లేదు. సీతంపేట లోపలికి వెళ్ళాక వస్తది పోతది, చిల్లర నోట్లు పట్టుకెళ్ళండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, అయినా మ్యాప్ చూపించే అడ్డదారి కంటే గొర్రెలు కాసే తాత చూపించే దారే నమ్మండి.

మా కుక్కని తీసుకురావచ్చా?

గుళ్ళున్న కొండలకి వద్దు, కోతులున్న చోటికి అసలు వద్దు, తేలినీలాపురంలో పక్షులు బెదిరిపోతాయి. తాటిపూడి గట్టు మీద, గొలుసు వదలకుండా, పొద్దున్నే అయితే సరే.